చెంబు, నెమలికంఠం పట్టు, నెమలి ఈక: మెరుపును మామూలు రంగులతో వేయడం

ఇత్తడి చెంబు బొమ్మ వేద్దామనుకోగానే చాలామంది చేసే మొదటి పని, షాపుకు వెళ్ళి గోల్డ్ కలర్ ట్యూబు కొనుక్కోవడం. ఆ రంగుతో వేసిన చెంబు చేతిలో పట్టుకుని తిప్పితే మెరుస్తుంది. గోడకు తగిలించి నాలుగడుగులు వెనక్కి జరిగితే మాత్రం మట్టిరంగు ముద్దలా కనిపిస్తుంది. కారణం తేలికే. ఆ ట్యూబులోని రేణువులు మీ గదిలో లైటు ఎటుంటే అటే మెరుస్తాయి. బొమ్మలో కిటికీ ఎడమవైపు ఉందన్న సంగతి వాటికి పట్టదు. నీడ ఉండాల్సిన చోటా మెరుస్తాయి, వెలుగు ఉండాల్సిన చోటా అంతే మెరుస్తాయి.

1434లో యాన్ వాన్ ఐక్ అనే చిత్రకారుడు వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో పైకప్పు నుంచి వేలాడే ఇత్తడి దీపగుచ్ఛాన్ని మామూలు నూనెరంగులతోనే వేశాడు. రవివర్మ నూనెరంగుల చిత్రాల్లో జరీని దగ్గరగా చూసినా కనిపించేవి లేతపసుపు, గోధుమరంగు చుక్కలు, గీతలే. పక్కన ఎంత చీకటి పెట్టాం, ఆ చీకటి ఎక్కడ ఠక్కున ఆగింది అన్న రెండు విషయాల మీదే మెరుపు ఆధారపడి ఉంటుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాటను చెంబుకు ఎలా, పట్టుచీరకు ఎలా, నెమలి ఈకకు ఎలా వాడాలన్నదే.

ముందు ఏ రకం మెరుపో తేల్చుకోండి

మెరిసేవన్నీ ఒకే పద్ధతిలో మెరవవు. నిగనిగలాడే వంకాయను కిటికీ దగ్గర పెట్టి చూడండి. దాని మీద పడ్డ వెలుగు మచ్చ ఊదారంగులో ఉండదు, కిటికీ రంగులోనే తెల్లగానో కాస్త నీలంగానో ఉంటుంది. ఊరగాయ జాడీ, ప్లాస్టిక్ బకెట్, టమాటా, అన్నీ ఇంతే. లోహం అలా కాదు. తన మీద పడ్డ వెలుగుకు తన రంగు పూసి వెనక్కి పంపుతుంది. అందుకే ఇత్తడి మీద మెరుపు పసుపు కలిసిన తెలుపు, రాగి మీద నారింజ కలిసిన తెలుపు. వంకాయకు వేసినట్టు చెంబుకు కూడా శుద్ధమైన తెల్లచుక్క పెడితే అది లోహంలా కాక పసుపు ప్లాస్టిక్‌లా కనిపించేది ఇందుకే.

మూడో రకం, చూసే కోణాన్ని బట్టి రంగే మారిపోయేది. నెమలి ఈక, సబ్బు బుడగ, ముత్యపుచిప్ప లోపలి పొర, రోడ్డు మీద నీళ్ళలో పరుచుకున్న పెట్రోలు తెట్టు ఈ జాతివి. డబుల్ షేడ్ పట్టుచీర మెరుపుకు కారణం వేరు గానీ, వేసే పద్ధతి మాత్రం దీనికి దగ్గరగా ఉంటుంది. ఈ రకంలో వెలుగునీడల తేడా కంటే రంగుల తేడాదే ఎక్కువ పని. ఇది ముందే తేల్చుకోకుండా కుంచె పట్టుకుంటే పట్టుచీరకు చెంబు మెరుపు, చెంబుకు పట్టుచీర మెరుపు వచ్చి కూర్చుంటాయి.

సరంజామా

నేను అక్రిలిక్ రంగులకు చెబుతున్నాను. త్వరగా ఆరతాయి, పొర మీద పొర వేసుకోవచ్చు, ఇంట్లో వాసన గొడవ ఉండదు. ఆయిల్ వాడేవాళ్ళకు కూడా క్రమం ఇదే, పొరకూ పొరకూ మధ్య ఆగాల్సిన రోజులే ఎక్కువ.

టైటానియం వైట్, యెల్లో ఆకర్, లెమన్ యెల్లో, రా సియెన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామరీన్ బ్లూ, థాలో బ్లూ, థాలో గ్రీన్, క్వినాక్రిడోన్ మెజెంటా అని రాసున్న రంగు ట్యూబులు ఉంటే చాలు. నలుపు ట్యూబు కొనకండి. అల్ట్రామరీన్‌లో బర్న్ట్ అంబర్ కలిపితే వెచ్చగానో చల్లగానో మీకు కావలసిన నలుపు వస్తుంది. థాలో గ్రీన్‌లో మెజెంటా కలిపితే ఇంకా లోతైన, పారదర్శకమైన నలుపు వస్తుంది. నెమలి ఈకకు ఈ రెండోదే కావాలి. వీటితోపాటు ఒక డబ్బా గ్లేజింగ్ మీడియం (రంగును పలచగా, పారదర్శకంగా చేసే ద్రవం), ఒక చదును కుంచె, ఒక గుండ్రటి కుంచె, మొన చెదరని సన్న కుంచె. సన్న కుంచె మీద మాత్రం డబ్బుకు వెనకాడొద్దు.

కాన్వాస్‌ను తెల్లగా వదలకండి. బర్న్ట్ అంబర్, అల్ట్రామరీన్, కాస్త తెలుపు కలిపి మధ్యస్థంగా ఉండే బూడిదరంగు పూత వేసి ఆరనివ్వండి. తెల్లటి నేల మీద ఏ రంగు పెట్టినా ముదురుగానే కనిపిస్తుంది, దాంతో భయపడి నీడలన్నీ పలచగా వేసేస్తారు. చివర్లో పెట్టే మెరుపుకు చోటు మిగలదు.

వస్తువును ఎలా పెట్టాలి

ఒకే కిటికీ, పగటి వెలుగు, గదిలో ట్యూబ్‌లైటు ఆపేయాలి. రెండు మూడు వైపుల నుంచి లైటు పడితే చెంబు మీద అరడజను మెరుపులు పుట్టి, దేన్ని నమ్మాలో తెలియని టెన్షన్ మొదలవుతుంది. చెంబు కింద ముదురురంగు గుడ్డ పరవండి. ఎర్ర గుడ్డయితే మరీ మంచిది, చెంబు పొట్ట కింది భాగమంతా ఆ ఎరుపును తీసుకుంటుంది. చుట్టూ ఉన్నదాన్ని తనలో చూపించడమే మెరిసే వస్తువు గుణం కాబట్టి, బొమ్మలో గుడ్డకూ చెంబుకూ మధ్య ఆ రంగు ఇచ్చిపుచ్చుకోవడం కనిపించాలి. అది లేకపోతే చెంబును ఎక్కడి నుంచో కత్తిరించి తెచ్చి అంటించినట్టు ఉంటుంది.

తల కదిపితే మెరుపు కూడా కదులుతుంది. కాబట్టి కూర్చునే చోటు, కుర్చీ ఎత్తు మార్చకండి. ఒక కన్ను మూసుకుని గీస్తే ఇంకా నయం. ఫొటో చూసి వేసేవాళ్ళు ఫోన్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడలను ఫోన్ తనంతట తానే సర్దే సెట్టింగ్) ఆపేసి, స్క్రీన్ మీద అన్నిటికంటే వెలుగున్న చోట తాకి, బ్రైట్‌నెస్‌ను కిందికి లాగి తీయండి. లేదంటే మెరుపులో ఉన్న పసుపంతా కాలిపోయి తెల్లకాగితంలా వస్తుంది.

చెంబు: మ్యాపులా గీసి, నాలుగు టోన్లలో నింపడం

పెన్సిల్‌తో చెంబు ఆకారం గీశాక ఆగకండి. దాని మీద కనిపించే ప్రతిబింబాల హద్దులు కూడా గీయండి, జిల్లాల మ్యాపులో సరిహద్దులు గీసినట్టు. చెంబు పొట్ట ఉబ్బుగా ఉంటుంది కనుక గది మొత్తం అందులో చిన్నదై, వంగి కనిపిస్తుంది. కిటికీ వంపు తిరిగిన నాలుగు పలకల వెలుగులా, మధ్యలో మీ ఆకారమే ఒక నల్లటి మచ్చలా, కింద గుడ్డ ఎర్రటి నెలవంకలా ఉంటాయి. అంచుల వైపు వెళ్ళేకొద్దీ ఈ ఆకారాలన్నీ ఒకదాని మీదికి ఒకటి జరిగి సన్నటి పట్టీలైపోతాయి. మెడ దగ్గర వంపు లోపలికి తిరుగుతుంది కాబట్టి అక్కడ మళ్ళీ అదే వెలుగూ చీకటీ చిన్నగా మొదలవుతాయి. మూతి అంచు కింద దాదాపు నల్లటి గీత ఒకటి ఉంటుంది. దాన్ని వదిలేస్తే మూతి మెడకు అతుక్కుపోతుంది.

ఇప్పుడు కళ్ళు చికిలించి చూడండి. వివరాలన్నీ మాయమై నాలుగు టోన్లు, అంటే ముదురు నుంచి లేత దాకా నాలుగు మెట్లు, మిగులుతాయి. వీటిని ముదురు నుంచి లేతకు వేసుకుంటూ రండి.

1. అన్నిటికంటే ముదురు చోట్లకు బర్న్ట్ అంబర్, అల్ట్రామరీన్. మీరు అనుకున్నదానికంటే ఒక మెట్టు ముదురుగా వేయండి. ఇత్తడిలో నలుపు ఇంత ఉంటుందా అనిపిస్తుంది. ఉంటుంది.

2. మధ్య ముదురుకు రా సియెన్నాలో బర్న్ట్ అంబర్. కిటికీకి ఎదురుగా ఉన్న వైపు ఈ టోన్‌లోనే కొంచెం ఆకుపచ్చ ఛాయ రావాలి. యెల్లో ఆకర్‌లో మీరు కలిపిన నలుపు చుక్క వేస్తే అదే వస్తుంది. ఇత్తడిని బంగారం నుంచి వేరుచేసి చూపించేది ఈ ఛాయే. బంగారానికైతే ఇక్కడ నారింజ వైపు, రాగికైతే ఎరుపు వైపు వెళ్ళాలి.

3. వెలుగున్న భాగాలకు యెల్లో ఆకర్, కొద్దిగా లెమన్ యెల్లో. ఇందులో తెలుపు వీలైనంత తక్కువ. తెలుపు ఎక్కువైతే పసుపు సుద్దలా చచ్చుబడిపోతుంది.

4. మెరుపు. ఇది అన్నిటికంటే చివర, ఇంకా చాలా పని అయ్యాక. లెమన్ యెల్లో అంటీ అంటనట్టు తగిలిన తెలుపు, చిక్కగా, నీళ్ళు కలపకుండా.

మొదటి మూడూ అయ్యాక అంచుల సంగతి చూడాలి. మెరుపు నిజంగా పుట్టేది ఇక్కడే. కొత్తగా పాలిష్ చేసిన చెంబయితే వెలుగుకూ చీకటికీ మధ్య హద్దు బ్లేడుతో కోసినట్టుంటుంది. ఆ హద్దును వేలితోనో కుంచెతోనో మెత్తగా రుద్దేయకండి. చిన్నప్పటి నుంచీ షేడింగ్ అంటే కలిపేయడమే అని నేర్పుతారు, అందుకే ఈ అలవాటు వదిలించుకోవడం కష్టం. అలా కలిపేస్తే చెంబు కాస్తా గుండ్రటి కుండ అవుతుంది. కుండకు ఆ పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే మట్టి వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది.

చింతపండు, పీచుతో రోజూ తోమే చెంబు మెరుపు వేరు. పీచు గీతలు చెంబు చుట్టూ అడ్డంగా తిరిగి ఉంటాయి, వెలుగు మాత్రం వాటికి అడ్డంగా, అంటే నిలువుగా సాగుతుంది. కిటికీ ఆకారం చెదిరి పై నుంచి కింది దాకా ఒక పొడుగాటి మెత్తటి పట్టీ అవుతుంది. అనుమానముంటే గుండ్రటి గీతలున్న స్టీలు మూతను లైటు కింద పట్టుకోండి. గీతలు చుట్టూ ఉంటాయి, వెలుగు మాత్రం నడిమి నుంచి అంచుకు విసనకర్రలా విచ్చుకుంటుంది. బొమ్మలో ఈ పట్టీ రెండు పక్కలనూ పొడి కుంచెతో నిలువుగా లాగండి, పైన సన్న కుంచెతో అక్కడక్కడా అడ్డంగా వెంట్రుకల్లాంటి ముదురు గీతలు పెట్టండి. ఎన్నో అక్కర్లేదు, వెలుగు పట్టీ అంచుల్లో నాలుగైదు ఉంటే కన్ను మిగతావి ఊహించుకుంటుంది.

మెరుపు పెట్టేటప్పుడు లెక్క పిసినారిలా ఉండాలి. చెంబు మొత్తానికి ఒకటే పెద్ద మెరుపు, మూతి అంచున ఒకటి, మెడ వంపులో ఇంకో చిన్నది. పెద్ద మెరుపు చుట్టూ లేతపసుపు సన్నటి అంచు మిగిలేలా చూసుకోండి. ఒక్క స్పర్శలో పెట్టి చేయి తీసేయండి, దాన్ని మళ్ళీ దిద్దొద్దు. బాగా కుదరకపోతే కింది రంగుతో కప్పేసి, ఆరాక మళ్ళీ పెట్టుకోవచ్చు.

స్టీలు గ్లాసుకైనా ఇదే వరస. కాకపోతే దానికి సొంత రంగు లేనట్టే కనుక పక్కనున్న గుడ్డ రంగు, గోడ రంగు, మీ చొక్కా రంగుతోనే మొత్తం నిండిపోతుంది. బూడిదరంగు ట్యూబు తీసి వేసిన స్టీలు ఎప్పుడూ సిమెంటులా వస్తుంది.

నెమలికంఠం పట్టు

పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఇంకో రంగు పెట్టి నేసిన పట్టు ఇది. ధర్మవరం నేతలో ఇలాంటి డబుల్ షేడ్ చీరలకు పేరుంది. పట్టుదారం నున్నగా ఉంటుంది కాబట్టి ఒక దిక్కుకే వెలుగు విసురుతుంది. మడత ఒకవైపు వాలితే పడుగు దారాల మెరుపు కంటికి అందుతుంది, ఇంకోవైపు వాలితే పేక దారాలది. అందుకే ఒకే మడతలో ఒక పక్క నీలం, ఇంకో పక్క ఆకుపచ్చ.

మామూలు బట్ట వేసేటప్పుడు మడత వెలుగుకు తెలుపు, నీడకు నలుపు కలుపుతాం. ఇక్కడ ఆ అలవాటు మానేసి వెలుగుకు ఒక రంగు, నీడకు ఇంకో రంగు అనుకోవాలి. ఇటాలియన్ చిత్రకారులు దీన్ని బాగా వాడుకున్నారు. 1508 నుంచి 1512 దాకా మికెలాంజెలో వేసిన సిస్టైన్ చాపెల్ పైకప్పులో ఆకుపచ్చ బట్ట నీడలో ఎరుపైపోవడం, పసుపు బట్ట నీడలో ఇంకో రంగుకు తిరగడం చూడొచ్చు. దాన్ని వాళ్ళు కాంజియాంతే అంటారు.

మొదట చీర మొత్తానికీ థాలో బ్లూ, థాలో గ్రీన్, కొద్దిగా మెజెంటా కలిపిన ముదురు పూత వేయండి. అది ఆరాక మడతల్లో కిటికీ వైపు వాలిన పలకలన్నిటికీ థాలో గ్రీన్‌లో కాస్త లెమన్ యెల్లో, అటు వాలిన పలకలన్నిటికీ అల్ట్రామరీన్‌లో కాస్త మెజెంటా. రెండు రంగులూ కలిసే చోట వెడల్పాటి మెత్తటి కలయిక వద్దు. పట్టు బిగువుగా మడత పడే బట్ట, దాని మలుపులు కోణాల్లా ఉంటాయి. మలుపు చివర్లలో హద్దు పదునుగా, మడత విచ్చుకున్న చోట కాస్త మెత్తగా ఉండాలి.

ఇక్కడొక పరీక్ష ఉంది. బొమ్మను ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. చెంబుకైతే ఆ ఫొటోలో కూడా మెరుపు అలాగే నిలవాలి. పట్టుకు మాత్రం ఆకుపచ్చ పలక, నీలం పలక ఒకదానికొకటి దగ్గర టోన్‌లో కనిపించాలి. రెండిటి మధ్య తేడా మరీ ఎక్కువగా ఉందంటే రంగు మారే పట్టు కాకుండా రెండు వేర్వేరు గుడ్డలు కుట్టినట్టు ఉంటుంది. మడత శిఖరం మీద మాత్రం సన్నటి లేత గీత, అది కూడా తెలుపు కాదు, తెలుపు కలిసిన ఆకుపచ్చ.

జరీ అంచును పసుపు గీతగా మొదటి నుంచి చివరి దాకా లాగకండి. నీడలో జరీ గోధుమరంగే, కొన్ని చోట్ల దాదాపు బూడిదరంగు. కాబట్టి అంచు మొత్తానికీ బర్న్ట్ అంబర్, రా సియెన్నా పట్టీ వేసి, వెలుగు తగిలిన మడతల మీద మాత్రమే ఆకర్ చుక్కలు, వాటిలో కొన్నిటి మీద మాత్రమే లేతపసుపు చుక్కలు. మడత లోపలికి పోయే చోట అంచు డిజైన్ తెగిపోవాలి. మామిడిపిందె సగమే కనిపిస్తే సగమే వేయండి.

నెమలి ఈక

నెమలి ఈకలో నీలం రంగు పదార్థం లేదు, ఆకుపచ్చదీ లేదు. ఉన్నది మన జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్ మాత్రమే. 2003లో షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించినదేమిటంటే, ఈక పోగుల్లో మెలనిన్ కడ్డీలు జాలీలాగా వరసగా అమరి ఉంటాయి, వాటి మధ్య దూరంలో, వరసల సంఖ్యలో కొద్దిపాటి తేడాలతోనే నీలం, ఆకుపచ్చ, పసుపు, గోధుమ రంగులన్నీ వస్తాయి. చిత్రకారుడికి ఇందులోంచి కావలసింది ఒక్కటే: కింద ఉన్నది నలుపు, రంగు దాని మీద పడే వెలుగు. కాబట్టి మన పని కూడా నలుపు నుంచే మొదలు.

థాలో గ్రీన్, మెజెంటా కలిపిన నలుపుతో నెమలికన్ను ఆకారమంతా నింపండి. ఆరాక, సన్న కుంచెతో తెలుపు, కొంచెం బూడిదరంగు కలిపి, పోగులు నడిచే దిశలో పొట్టి గీతలు పెట్టుకుంటూ పోండి. గీతకూ గీతకూ మధ్య నలుపు సందు ఉండాలి. ప్రతి గీత నడుమ చిక్కగా, రెండు కొసల్లో పలచబడిపోవాలి. ఈ దశలో బొమ్మ తెల్లటి ఎముకల గూడులా ఉంటుంది, కంగారు పడకండి.

ఇప్పుడు గ్లేజింగ్ మీడియంలో రంగు పలచగా కలిపి ఆ తెల్లగీతల మీద వేయాలి. నడుమ గుండె ఆకారంలో ఉన్న భాగానికి అల్ట్రామరీన్, మెజెంటా. దాని చుట్టూ మెరిసే మయూరనీలానికి థాలో బ్లూ, చిటికెడు థాలో గ్రీన్. దాని బయట రాగి, గోధుమరంగు వలయం, దానికి రా సియెన్నా మీద పలచటి మెజెంటా. ఆపైన పసుపుపచ్చ, ఇంకా బయటికి ఆకుపచ్చ. తెలుపులో కలిపిన థాలో కంటే, ఆరిన తెలుపు మీద గాజులా పరిచిన థాలో ఎన్నో రెట్లు వెలుగుతుంది. వెలుగు ఆ పొరలోంచి వెళ్ళి, కింది తెలుపుకు తగిలి తిరిగి రావడమే దానికి కారణం. తొందరపడి ఒకేసారి చిక్కగా వేయొద్దు, పలచటి రెండు మూడు పొరలు, ఒకటి ఆరాకే ఇంకొకటి.

ఈక నేరుగా మనవైపు కాక పక్కకు తిరిగి ఉంటే రంగులు వర్ణక్రమంలో నీలం వైపు జరుగుతాయి. ఎదురుగా ఆకుపచ్చగా ఉన్నది పక్కకు వంగేకొద్దీ నీలాకుపచ్చ, నీలం. అందుకని వంగిన కొసల్లో రంగును ఒక మెట్టు నీలం వైపు తిప్పండి, బాగా వంగిన పోగులను నల్లగానే వదిలేయండి. అన్ని పోగులకూ రంగు అద్దిన ఈక అచ్చుబొమ్మలా ఉంటుంది.

సబ్బు బుడగకు పెద్దగా చెప్పేదేమీ లేదు. వెనకున్న దృశ్యమే దాదాపు మొత్తం కనిపించాలి, రంగులు అంచుల దగ్గర వలయాల్లా చిక్కబడాలి. నీరు కిందికి జారి పైభాగం పలచబడుతుంది గనుక పగలబోయే బుడగ పైన రంగే ఉండదు. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. కిటికీ ప్రతిబింబం రెండుసార్లు వస్తుంది: ముందు గోడ మీద నిటారుగా, వెనక గోడ మీద తలకిందులుగా. రెండోది పెట్టగానే బుడగకు లోపల గాలి ఉన్నట్టనిపిస్తుంది.

మెటాలిక్ రంగులు అసలు వాడకూడదా

వాడొచ్చు. పెన్ హోల్డరు మీదో, పెళ్ళి కొబ్బరిబోండం మీదో అలంకారానికి అవి బాగుంటాయి. ఇంటర్‌ఫెరెన్స్ రంగులని అమ్మేవి అభ్రకం రేణువుల మీద టైటానియం ఆక్సైడ్ పూత వేసి చేసినవి. నల్లటి నేల మీద పలచగా వేస్తే నిజంగానే కోణాన్ని బట్టి రంగు మారతాయి, తెల్లటి నేల మీద వేస్తే ఉన్నాయో లేవో తెలియదు. నెమలి ఈక అంతా మామూలు రంగులతో పూర్తయ్యాక, నీలం వలయంలో నాలుగైదు పోగుల మీద వాడితే తప్పులేదు. అయితే బొమ్మను ఫొటో తీసి పెట్టాలనుకుంటే వాటికి దూరంగా ఉండండి. ఫొటోలో ఆ చోటు బూడిద మచ్చలా పడుతుంది.

వార్నిష్

అక్రిలిక్ ఆరాక ముదురు రంగులు కాస్త పాలిపోయి, మబ్బు పట్టినట్టు కనిపిస్తాయి. చెంబులో అంత కష్టపడి పెట్టిన నలుపు అలా పాలిపోతే పక్కనున్న మెరుపు కూడా మందగిస్తుంది. పలచటి పొరలే కాబట్టి రెండు మూడు రోజులు ఆగి నిగనిగలాడే రకం (gloss) వార్నిష్ పలచగా ఒక పూత వేస్తే నలుపు మళ్ళీ లోతుకు వెళుతుంది. నిగనిగ లేని మ్యాట్ వార్నిష్ ఈ బొమ్మలకు పనికిరాదు. ఆయిల్‌లో వేసినవాళ్ళు మామూలు వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి. వార్నిష్ వేశాక బొమ్మను కిటికీకి ఎదురుగా తగిలించకండి. ఎదురు గోడకు కాకుండా పక్క గోడకు పెడితే గది వెలుతురు బొమ్మ మీద అద్దంలా తిరిగి కొట్టదు.